పాట ఎక్కడ ఆపాలి?

ల్యాప్‌టాప్‌లో పాట మొదలుపెట్టడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమే. దాన్ని పూర్తి చేసి, చేతికిచ్చి, పేరూ డబ్బూ దక్కించుకోవడం ఎలా? మ్యూజిక్ ప్రొడక్షన్‌లోకి అడుగుపెడుతున్న వాళ్ల కోసం ఈవారం ముఖచిత్ర కథనం.

మిక్సింగ్ ఒకప్పుడు కుర్చీలతో జరిగేది. కోడంబాక్కం స్టూడియోల్లో ఒకే ట్రాక్ మీద పాట రికార్డు చేసిన రోజుల్లో వయొలిన్లు మైకుకు ఎంత దూరంలో కూర్చోవాలి, తబలా ఏ మూలన ఉండాలి, వేణువు ఆయన తన బిట్ రాగానే ఎన్ని అడుగులు ముందుకు రావాలి... ఇదే మిక్సింగ్. గాయకుడూ వాద్యకారులూ అందరూ ఒకేసారి, పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా ఒకే ఊపులో. చివర్లో ఎవరి చెయ్యి జారినా మళ్లీ మొదటికి. అందుకే రికార్డింగుకు ముందే గంటల కొద్దీ రిహార్సళ్లు. ఘంటసాల, సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు తొలి రోజుల పాటలు అలా తయారైనవే. సాయంత్రమయ్యేసరికి హాలు అద్దె గడువు తీరిపోతుంది, కాల్‌షీట్ అయిపోతుంది. ఆలోపు పాట కూడా అయిపోవాలి. అయిపోయేది కూడా.

ఇప్పుడు హైదరాబాద్ యూసఫ్‌గూడలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో మేడమీద చిన్న గది చాలు. ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, హెడ్‌ఫోన్లు, రెండు ఆక్టేవ్‌ల బుల్లి కీబోర్డు. ట్రాకులకు లెక్క లేదు. తప్పు వాయిస్తే ఒక్క మీట నొక్కి వెనక్కి పోవచ్చు. వయొలిన్ వద్దనుకుంటే సారంగి, అదీ వద్దనుకుంటే గిటార్. ఇంత సౌకర్యంలో ఒక్కటే లోటు: చాలు, ఇక ఆపు అనేవాళ్లు లేరు. అద్దె గడియారం లేదు, ఎదురుచూస్తున్న నలభై మంది వాద్యకారులు లేరు. దాంతో ఎనిమిది బార్ల లూప్ దగ్గరే ఆగిపోయిన పాటలు హార్డ్‌డిస్కుల నిండా మూలుగుతున్నాయి. ఈ రంగంలో కుర్రాళ్లను దగ్గరగా చూస్తున్న కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఇది: స్టూడియో ఒకప్పుడు గీసి ఇచ్చిన హద్దులను ఇప్పుడు ఎవరికి వారే గీసుకోవాలి. సృజనలోనూ అంతే, డబ్బు వ్యవహారంలోనూ అంతే. గీసుకోగలిగిన వాళ్లు నిలబడుతున్నారు.

మ్యూజిక్ ప్రొడక్షన్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. ట్యూన్ కట్టాక అది శ్రోత చెవికి చేరేలోపు జరిగే పనంతా ఇదే. ఏ వాద్యం ఎక్కడ రావాలో చూసే అరేంజ్‌మెంట్, కీబోర్డు మీద రిథమ్, ప్యాడ్లు, బేస్ కట్టే ప్రోగ్రామింగ్, గొంతు రికార్డింగ్, ఎడిటింగ్, మిక్సింగ్, మాస్టరింగ్. పెద్ద సినిమాలో ఒక్కో పనికి ఒక్కో మనిషి. సొంతంగా పాట చేసుకునేవాడికి అన్నీ తానే.

ముప్పై సెకన్ల బడి

ఎ.ఆర్. రెహమాన్ పేరు చెప్పగానే 1992లో వచ్చిన 'రోజా' గుర్తుకొస్తుంది. నేర్చుకోవాలనుకునేవాళ్లు చూడాల్సింది అంతకుముందు గడిచిన ఏళ్లను. తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమాలకు సంగీతం చేసేవారు. ఆయన 1976లో పోయాక ఇంట్లో ఉన్న వాద్యాలను అద్దెకిచ్చి కుటుంబం రోజులు నెట్టుకొచ్చింది. కుర్రవాడు కీబోర్డు వాయిస్తూ ఎందరి దగ్గరో పనిచేశాడు. మన రాజ్-కోటి దగ్గర ఏళ్ల తరబడి కీబోర్డు ప్రోగ్రామింగ్ చేశాడు. 1987లో హైదరాబాద్ ఆల్విన్ వారి ట్రెండీ వాచీల ప్రకటనకు జింగిల్ చేసే అవకాశం వచ్చింది. ఆ తర్వాత వరసగా ప్రకటనలు. 1989లో ఇంటి పెరట్లో పంచతన్ స్టూడియో కట్టుకున్నాడు. 'రోజా' నాటికి చేతిలో ఉన్నది అప్పుడే పుట్టిన మెరుపు కాదు, ప్రకటనల మీద ఏళ్ల తరబడి సాగిన సాధన.

ప్రకటన జింగిల్ అంత కఠినమైన గురువు ఇంకొకరు ఉండరు. ముప్పై సెకన్లలో మొదలవ్వాలి, గుర్తుండిపోవాలి, ముగియాలి. ముప్పై ఒకటో సెకను ఉండదు. సోమవారం అడిగితే గురువారం ఇవ్వాలి. ఇష్టమైన వాద్యం కోసం సాగదీయడానికి చోటుండదు. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. నాలుగు నిమిషాల పాటతో కుస్తీ పట్టకండి. వారానికో ముప్పై సెకన్ల తునక చేయండి. ఊళ్లోని స్వీట్‌షాపు కోసమో, స్నేహితుడి షార్ట్‌ఫిల్మ్ టైటిల్స్ కోసమో, ఎవరి కోసమూ కాకపోయినా సరే. ఆదివారం రాత్రికి అది ఆడియో ఫైలై ఒకరి ఫోన్లో మోగాలి. పది వారాల తర్వాత మీ చేతుల్లో వచ్చే తేడా ఏ కోర్సూ ఇవ్వదు.

రెండో బడి మరొకరి పక్కన కూర్చోవడం. కీరవాణి 1987లో చక్రవర్తి దగ్గర సహాయకుడిగా చేరారు. సొంత పేరుతో తొలి సినిమా 'మనసు మమత' వచ్చింది 1990లో. మణిశర్మ కీబోర్డుల నుంచి వచ్చారు. ఆయన దగ్గర ప్రోగ్రామింగ్ చేసినవారిలో హారిస్ జయరాజ్ ఒకరు. తమన్ డ్రమ్స్ వాయిస్తూ వచ్చాడు. ఒకరి వెనకాల పనిచేసినప్పుడు అబ్బేది సాఫ్ట్‌వేర్ జ్ఞానం ఒక్కటే కాదు. దర్శకులు సంగీత పరిభాషలో మాట్లాడరు. "సార్, ఇంకొంచెం బరువు కావాలి" అంటారు. "హీరోయిన్ రాగానే గాలి వీచినట్టుండాలి" అంటారు. బరువు అంటే టెంపో నాలుగు బీట్లు తగ్గించడమా, తాళాలు తీసేసి చెల్లో కిందికి దించడమా, లేక గాయకుణ్ని అరశ్రుతి తగ్గించి పాడించడమా? ఆ మాటను సంగీతంలోకి మార్చడం పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది. మరో చిన్న ఉపాయం: మాటల్లో తేలనప్పుడు, "మీకు నచ్చిన పాట ఒకటి వినిపించండి, అందులో మీకు పట్టిందేమిటో చెప్పండి" అని అడగడం. పది సవరణలు తప్పుతాయి.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ రాయను. లాజిక్, క్యూబేస్, ప్రో టూల్స్, ఎబుల్టన్, ఎఫ్‌ఎల్ స్టూడియో, రీపర్... ఏదైనా ఒక్కటి. రెండేళ్లు దాన్ని వదలకండి. అంతే.

గది చెప్పే అబద్ధాలు

డబ్బు చేతికి రాగానే కుర్రాళ్లు ముందు కొనేది ఖరీదైన మైకు. నేనైతే ముందు గదిని చూసుకోమంటాను, ఎందుకంటే వినే గది తప్పు చెబితే తీసుకునే ప్రతి నిర్ణయమూ తప్పవుతుంది.

మన ఇళ్లలో సర్వసాధారణమైన పది అడుగులు, పది అడుగుల గదిని తీసుకోండి. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుంది. పొడవూ వెడల్పూ సమానం కాబట్టి రెండు దిక్కులా అదే అల పుట్టి దెబ్బ రెట్టింపవుతుంది. 56 హెర్ట్జ్ అంటే కిక్ డ్రమ్ గుండె ఉండే చోటు. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే ఆ మోత వినిపించదు. వెనక గోడకు ఆనుకుంటే గుండె అదిరేంతగా వినిపిస్తుంది. మధ్యలో కూర్చున్నవాడు బేస్ చాలలేదని పెంచుతూ పోతాడు. ఆ పాట కారులో వేస్తే అద్దాలు వణుకుతాయి. ఇంజినీర్‌కు చెవి లేదని మనం అంటాం. చెవి ఉంది, కుర్చీ తప్పుచోట ఉంది.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించడం ఇంకా చూస్తున్నాను. వాటివల్ల చప్పట్ల గలగల కొంత తగ్గుతుందేమో కానీ బేస్‌కు ఏమీ కాదు. 100 హెర్ట్జ్ అల పొడవే పదకొండు అడుగులు. అంగుళం మందం లేని అట్ట దాన్ని ఆపలేదు. ఆపగలిగేది మందం. నాలుగంగుళాల రాక్‌వూల్ పలకలను బట్టలో చుట్టి, గోడకు కాస్త ఎడమిచ్చి నాలుగు మూలల్లో నిలబెడితే గది చాలావరకు దారికొస్తుంది. కుర్చీని ముందు గోడ నుంచి గది పొడవులో మూడోవంతు కన్నా కొంచెం ఎక్కువ దూరంలో వేసుకుని, ముందుకూ వెనక్కూ జరిపి వినండి. అదీ కుదరకపోతే మంచి హెడ్‌ఫోన్లు. గొంతు రికార్డు చేయడానికి బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు, గాయకుడి వెనకాల ఒక పరుపు నిలబెట్టి పాడించండి. ఫ్యాన్ ఆపక తప్పదు. ఎండాకాలం ఉక్కకు పాడేవాళ్లు తట్టుకోలేరు కాబట్టి రాత్రి పదకొండు దాటాక పెట్టుకోవడం మేలు. వీధి సద్దుమణుగుతుంది, పక్కింటి కుక్కర్ కూతలూ ఉండవు. తొలి ఆల్బమ్‌ను లాస్ ఏంజెలిస్‌లోని ఇంట్లో పడగ్గదిలో రికార్డు చేసిన బిల్లీ ఐలిష్, ఆమె అన్న ఫినియాస్ 2020లో గ్రామీలు అందుకున్నారు. గది చిన్నదని దిగులక్కర్లేదు. ఆ గది గుణం తెలిసి ఉండాలి, అంతే.

వినే శబ్దం విషయం ఇంకా ముఖ్యం. తక్కువ శబ్దంలో మన చెవి బేస్‌ను తక్కువగా పట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే గీతలు గీసి చూపించారు. అందుకే శబ్దం పెంచితే ఏ మిక్సయినా బాగుందనిపిస్తుంది. ఎక్కువసేపు తక్కువ శబ్దంలో పనిచేయండి. అప్పుడు కూడా పాట నిలబడితే అది నిజంగా నిలబడినట్టు. ఇంకో కారణం మీ శరీరం. వృత్తి ఆరోగ్యం మీద పనిచేసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు వినొచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, వంద దగ్గర పదిహేను నిమిషాలు. పోయిన వినికిడి తిరిగి రాదు. ఇరవై మూడేళ్లకే చెవిలో హోరుతో బాధపడుతున్న ప్రోగ్రామర్లను చూశాను. ఈ ఒక్క విషయంలో దయచేసి మొండికెయ్యకండి.

డప్పు ముందు మైకు

హైదరాబాద్‌లో జానపద పాట ఒకటి రికార్డు చేస్తుంటే ఓ మూల కూర్చుని చూశాను. కుర్ర ప్రోగ్రామర్ అప్పటికే కంప్యూటర్‌లో డప్పు శాంపిల్స్‌తో దరువు కట్టుకున్నాడు. మిడి అనే డిజిటల్ భాష 1983లో వచ్చింది. ఒక్కో దెబ్బ బలాన్ని 1 నుంచి 127 దాకా అంకెలతో రాస్తుంది. దరువు సరిగ్గానే ఉంది, కానీ ఎక్కడో ప్రాణం లేదని అతనికే తోచి డప్పు కళాకారుణ్ని పిలిపించాడు. ఆయన వచ్చి, తోలు మీద వేలితో తట్టి చూసి, తలూపాడు.

"అన్నా, ఒక్కసారి లెవెల్ చూస్కుందామా?"

"గిట్ల కొడితే సప్పగుంటది తమ్మీ. ఏసీల ఉండి తోలు దిగింది. జర కాపనియ్యి, అప్పుడు సూడు."

కింద వాకిట్లో కాగితాల మంట వేసి డప్పును కాచి తెచ్చాడు. అదే గది, అదే మైకు. మోత మాత్రం వేరు. కుడిచేతి సిర్ర పడినప్పుడు బొడ్డు నుంచి వచ్చే నిండు శబ్దం, ఎడమచేతి చిటికెన పుల్ల తాకినప్పుడు మిరపకాయ కొరికినట్టు చురుకు. ప్రోగ్రామర్ ఒక డైనమిక్ మైకును జానెడు దూరంలో, మరో మైకును ఆరడుగుల దూరంలో పెట్టాడు. దగ్గరిది పుల్ల చురుకును, దూరపుది చెక్క చట్రం మోతను పట్టుకుంటుంది. ధ్వని అడుగు దూరం పోవడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది కాబట్టి దూరపు మైకు అయిదు మిల్లీసెకన్లు ఆలస్యంగా వింటుంది. రెండింటినీ అలాగే కలిపితే ఒకదాన్నొకటి తినేసి శబ్దం పలచబడుతుంది. ఒకదాని ఫేజ్ తిప్పి చూడాలి, లేదా ఫైలును కొద్దిగా జరపాలి. డప్పు దెబ్బ సూదిలా లేస్తుంది. మీటర్ మీద శిఖరం మైనస్ పది దగ్గర ఆగేలా గెయిన్ తగ్గించుకోవాలి. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు ఎర్రగీత దాకా పోవాల్సిన పనేమీ లేదు.

ఆ కళాకారుడు మూడు టేకులు ఇచ్చాడు. మూడూ క్లిక్‌కు ముందో వెనకో వెంట్రుకవాసి తేడాతో ఉన్నాయి. ప్రోగ్రామర్ అన్నిటినీ గ్రిడ్‌కు లాగి సరిచేశాడు. వింటే మళ్లీ శాంపిల్‌లాగే ఉంది. అన్‌డూ కొట్టి మొదటి టేకును ఉన్నదున్నట్టు వదిలేశాడు. అతను మంచి ప్రొడ్యూసర్ అవుతాడని నాకు ఆ క్షణంలో నమ్మకం కలిగింది.

గొంతు దగ్గరా ఇదే వివేకం కావాలి. శ్రుతి సవరించే ఆటోట్యూన్‌ను 1997లో తెచ్చింది ఆండీ హిల్డెబ్రాండ్. అంతకుముందు ఆయన చమురు కంపెనీల కోసం భూమి లోపలి ప్రకంపనలను విశ్లేషించే పనిలో ఉండేవాడు. మరుసటి ఏడాదే గాయని షేర్ పాట 'బిలీవ్'తో ఆ శబ్దం లోకానికి తెలిసింది. పాశ్చాత్య స్వరం మీద నిలబడుతుంది, కాబట్టి దానికి అది చక్కగా అమరుతుంది. మన గమకం నిలబడదు. తోడిలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తెరమీద ఆ ఊపు తప్పులా కనిపిస్తుంది. సవరణ వేగాన్ని పూర్తిగా పెంచి వదిలేస్తే గాంధారం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. గాయని ఎక్కడ స్వరం మీద కుదురుకుంటుందో అక్కడ మాత్రమే, అదీ చేత్తో, ఒక్కో స్వరాన్ని ఎంచుకుని సరిదిద్దండి. మిగతాది ఆమెకు వదిలేయండి. నిజానికి ఇంకో టేకు అడగడం వీటన్నిటికన్నా తేలిక.

ఇంగ్లిష్ ట్యుటోరియళ్లలో దొరకని సంగతి మరొకటుంది. తెలుగులో మాటల చివర అచ్చు ఉంటుంది, క్రియలో ఆ చివరి అక్షరమే ఎవరి సంగతో చెబుతుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు: తేడా అంతా ఆఖర్లో. గాయకులు సహజంగా అక్కడే ఊపిరి వదిలేస్తారు, కంప్రెసర్ పట్టుకునేలోపే అక్షరం రివర్బ్‌లో మునిగిపోతుంది. అందుకే తెలుగు గొంతును మిక్స్ చేసేవాళ్లు పాటంతా కూర్చుని వాల్యూమ్ గీతను చేత్తో దిద్దాలి, ప్రతి పదం తోకనూ ఒకటి రెండు డెసిబెల్స్ పైకి లేపాలి. గంటన్నర పట్టే విసుగు పని. సాహిత్యం రాసినవాడికి మనం ఇచ్చే గౌరవం మాత్రం అదే.

చాలనుకోవడం

బీటిల్స్ 1967లో 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌ను నాలుగు ట్రాకుల టేప్ యంత్రాల మీద చేశారు. నాలుగూ నిండాక వాటిని కలిపి మరో యంత్రం మీద ఒక్క ట్రాకుగా దించేవారు, మిగతా మూడింటిలో మళ్లీ రికార్డు చేసేవారు. ఒకసారి కలిపాక డ్రమ్స్ పెంచుదామంటే కుదరదు. అంటే కలిపే క్షణంలోనే నిర్ణయం. ఆ క్రమశిక్షణను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవచ్చు. ప్రోగ్రామ్ చేసిన వాద్యం నచ్చగానే దాన్ని ఆడియోగా మార్చేయండి, మిడి ట్రాకును దాచేయండి. ఇక శబ్దం మార్చాలనే ఆశ పుట్టదు. పాట మొదలుపెట్టేముందే కాగితం మీద రాసుకోండి: వాద్యాలు ఆరుకు మించవు, శుక్రవారం మిక్స్, శనివారం చెవులకు సెలవు, ఆదివారం అప్పగింత. సినిమా పాటల సెషన్లలో ట్రాకులు వంద దాటడం మామూలే కానీ, వాటిని నడిపే అరేంజర్ బుర్రలో ఏ క్షణాన ఏది ముందుండాలో స్పష్టంగా ఉంటుంది. ఆ స్పష్టత లేకుండా ట్రాకులు పేర్చడం వల్ల పాట పెద్దదవదు, మసకబారుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. 2023లో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' సాహిత్యంలో తొంభై శాతం ఒక్క పూటలో వచ్చేసిందనీ, మిగిలిన పది శాతానికి పందొమ్మిది నెలలు పట్టిందనీ చంద్రబోస్ చెప్పారు. మరి అక్కడ ఆపలేదేం? లోటు ఎక్కడుందో వాళ్లకు తెలుసు కాబట్టి. ఫలానా పాదం ఇంకా కుదరలేదని వేలుపెట్టి చూపించగలిగితే ఆగండి, ఎన్నాళ్లయినా ఆగండి. ఏదో తక్కువైంది, ఏమిటో తెలియదు అంటూ స్నేర్ శబ్దాన్ని నలభైసార్లు మార్చడం మాత్రం భయం. పాట బయటికెళితే జనం ఏమంటారోననే భయం. దానికి మందు ఇంకో ప్లగిన్ కొనడం కాదు. పాటను ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే చేతిలో కాగితంతో ఒకేసారి మొదటి నుంచి చివరిదాకా వినండి. మధ్యలో ఆపొద్దు. ఇబ్బంది పెట్టినవి రాసుకోండి, వాటిని మాత్రమే దిద్దండి. తర్వాత కారులో, ఫోన్ స్పీకర్‌లో, పది రూపాయల ఇయర్‌ఫోన్లలో వినండి. ఫోన్ స్పీకర్ 56 హెర్ట్జ్‌ను అసలు పలకలేదు. బేస్‌కు కాస్త గరుకుదనం చేర్చి పై స్వరాంశాలు లేపితే చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. మన శ్రోతల్లో ఎక్కువమంది ఫోన్లలోనే వింటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

శబ్దం విషయంలో పోటీ మానేయొచ్చు. స్పాటిఫై పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ అనే సగటు స్థాయికి తెచ్చి వినిపిస్తుంది. నలిపి నలిపి బిగ్గరగా చేసిన పాట అక్కడ తగ్గించబడుతుంది, నలిగిన గుర్తులు మాత్రం మిగులుతాయి.

కాగితం మీద ఏముంది?

పని వచ్చింది, చేశారు, బాగుందన్నారు. డబ్బు రాలేదు. లేదా డబ్బు వచ్చింది, పేరు పడలేదు. కృష్ణానగర్ టీకొట్టు దగ్గర ఈ కథ చెప్పని ప్రోగ్రామర్ దొరకడం కష్టం. నోటిమాట మీద పనిచేయడం మన దగ్గర ఆత్మీయత అనిపించుకుంటుంది. "మనమధ్య అగ్రిమెంట్లేంట్రా" అనే అన్న, పాట హిట్టయ్యాక ఫోనెత్తడు. కొత్తవాళ్ల అమాయకత్వం మీద ఇలా బతకడం తప్పు, గట్టిగా అనాల్సిన తప్పు.

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు సినిమా పాటల రచయితకూ సంగీత దర్శకుడికీ రాయల్టీలో సమానవాటా హక్కు ఇచ్చారు. థియేటర్లో సినిమాతో కలిపి ఆడినప్పుడు తప్ప మిగతా వాడకాలన్నిటికీ అది వర్తిస్తుంది. ఆ హక్కును వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి లేదు. 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్ రచయితలు, స్వరకర్తల తరఫున ఆ డబ్బు వసూలు చేసి పంచుతుంది. పాట కట్టేవాళ్లు సభ్యులుగా చేరి, ప్రతి పాటనూ నమోదు చేయించుకోవాలి. నమోదు లేని పాటకు డబ్బు దారి వెతుక్కుంటూ రాదు.

ప్రోగ్రామర్ సంగతి వేరు. చట్టం దృష్టిలో సంగీతానికి కర్త స్వరకర్త, రికార్డింగుకు కర్త దాన్ని చేయించిన నిర్మాత. రాత్రంతా కూర్చుని పాటకు రూపమిచ్చిన ప్రోగ్రామర్‌కు రాయల్టీలో తనంతట తానుగా వచ్చే వాటా ఏదీ లేదు. మీరు ఇంటర్‌లూడ్ ట్యూన్ కట్టారా, హుక్ మీదేనా? అయితే అది సంగీత రచన. దాని వాటా ఎంతో పాట విడుదలకు ముందే ఒక పేజీలో రాసుకుని అందరూ సంతకాలు చేయాలి. ట్యూన్ వారిది, మోత మాత్రమే మీది అనుకుంటే ఒక్కసారి ఇచ్చే పారితోషికం సరిపడా అడగండి.

హక్కులు రాసిచ్చేటప్పుడు ఏ పాట, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో అన్నవి కాగితంలో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టం అనుకుంటుంది. "ప్రపంచమంతా, శాశ్వతంగా" అని కనిపిస్తే సంతకం ఆపి, ఆ మాటకు తగిన ధర ఉందో లేదో చూసుకోండి.

రోజువారీ పనికి ఇంత పెద్ద కాగితం అక్కర్లేదు. వాట్సాప్‌లో నాలుగు వాక్యాలైనా చాలు: ఫలానా పాట, ఫలానా తేదీకి, సగం ముందుగా, మిగతాది స్టెమ్స్ (విడివిడి వాద్యాల ఆడియో ఫైళ్లు) ఇచ్చేముందు, సవరణలు రెండు విడతలు, మూడో విడత నుంచి అదనం, క్రెడిట్‌లో పేరు ఇలా. "అలాగే" అనే జవాబు వచ్చాకే సెషన్ తెరవండి. సవరణలకు గీత గీయడం మర్యాదలేనితనం కాదు. ఆ గీత ఉంటేనే అవతలివారు ఆలోచించి, అన్నీ ఒకేసారి చెబుతారు. ఫైళ్లు ఇచ్చేటప్పుడు సినిమాకైతే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్; అన్ని స్టెమ్స్ ఒకే సున్నా నుంచి మొదలవ్వాలి; పేర్లలో పాట, టెంపో, శ్రుతి కనిపించాలి. రెండు డిస్కుల్లో ఒక్కో ప్రతి, ఇంటి బయట మరో ప్రతి. అయిదేళ్ల తర్వాత అదే ప్లగిన్ ఉండకపోవచ్చు, ఆడియో ఉంటుంది.

కృత్రిమ మేధ గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. నిమిషంలో పది ట్యూన్లు ఇచ్చే యంత్రాన్ని వాడటమా మానడమా అనేదానికన్నా ముందు అడగాల్సింది, ఎవరి గొంతు, ఎవరి అనుమతి అని. 2024లో 'లాల్ సలామ్' కోసం రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను అలా తెచ్చినప్పుడు వాళ్ల కుటుంబాలను అడిగి, పారితోషికం ఇచ్చానని చెప్పారు. అదే ఏడాది, తండ్రి గొంతును అడగకుండా వాడారంటూ ఒక తెలుగు సినిమా బృందానికి ఎస్పీ చరణ్ నోటీసు పంపారు. రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే దారి అర్థమవుతుంది.

ఇదే మాట జానపదానికీ వర్తిస్తుంది. ఊళ్లో పాడే అవ్వ దగ్గర ఫోన్‌లో రికార్డు చేసుకుని, కింద బీట్ వేసి, తమ పేరుతో యూట్యూబ్‌లో పెట్టేవాళ్లున్నారు. పాట ఎవరు కట్టారో తెలియకపోవచ్చు, ఆ పాడిన గొంతు ఎవరిదో తెలుసు. ప్రదర్శన చేసినవారికి చట్టంలో హక్కులున్నాయి. చట్టం లేకపోయినా అడగడం, ఇవ్వడం, పేరు వేయడం మన బాధ్యత. సెషన్ అయిపోగానే, స్టూడియో తలుపు దాటకముందే డబ్బు చేతిలో పెట్టండి. ఆ రోజు షీట్ మీద తేదీ, శ్రుతి, టెంపో, మైకుల దూరాలు రాసినట్టే డప్పు వాయించినాయన పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకోండి. రెండో పాటకు మళ్లీ ఆయనే కావాల్సి వస్తుంది.